బాపు ఫోనుకొచ్చిన ఓటీపీ

ఆ రోజుల్లో అని మొదలుపెడితే ఏదో నిజాం కాలం ముచ్చట అనుకునేరు. ఆ రోజుల్లో కూడా అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లే ఉండేవి. తేడా అల్లా ఒక్కటే, అప్పుడు నాకు ప్రతి సంగతీ చావుబతుకుల సమస్యలా కనిపించేది, ఇప్పుడు నెలాఖరులో మాత్రమే అట్ల కనిపిస్తున్నది. మా ఉప్పుగూడ గల్లీలో చదువులు రెండే రకాలు: ఇంజినీరింగ్, అది రానోళ్లు చదివేవి. నేను ఇంటర్ అయిపోయినంక ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుంటే దాన్ని ఏ రకంలో కలపాలో ఎవరికీ అర్థం కాలేదు. అమ్మ మాత్రం ధైర్యం చేసి, మా పిల్ల వాస్తు చదవబోతున్నదని గల్లీ అంతా చెప్పేసింది. మర్నాటికల్లా పక్కింటామె వచ్చి బోరు ఏ మూలకు వేయించాలె అని అడిగింది. (వాళ్లింట్లో ఖాళీ జాగ ఉన్నదే ఒక మూల. అయినా కాసేపు ఆలోచించినట్టు నిలబడి, ఆ మూలే చూపించిన. ఆమె మస్తు ఖుష్ అయింది.)

అసలు లొల్లి తర్వాత మొదలైంది. ఒకటే కాలేజీలో నాకు రెండు సీట్లు కనిపిస్తున్నయి. ఒకటి ఐదేండ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ, ఇంకొకటి నాలుగేండ్ల ఇంటీరియర్ డిజైన్ డిగ్రీ. ఐదేండ్లది చదివితే ఆర్కిటెక్టుగా పేరు నమోదు చేసుకుని బిల్డింగు ప్లాన్ల మీద సంతకం పెట్టొచ్చు. నాలుగేండ్లది చదివితే ఆ బిల్డింగు లోపల సోఫా ఎక్కడ వేయాలో చెప్పొచ్చు, సంతకం మాత్రం వేరేటోళ్లది. నాకు ఐదేండ్లదే కావాలె. ఇంత చిన్న కోరికకు మా మేనత్త అడ్డం పడ్డది. ఆమె లెక్కలో డిగ్రీ అంటే మూడేండ్లు, ఇంజినీరింగ్ అంటే నాలుగు, ఐదేండ్లు అంటే ఒక ఏడాది ఫెయిలైనట్టు. "అందరూ చదివినంక తప్పుతరు, నువ్వేందే ముందే తప్పుతనని చెప్పి చేరుతున్నవ్?" అని అందరి ముందు అడిగింది. ఆ మాట గల్లీకి ఎంత నచ్చిందంటే, నేను పాల ప్యాకెట్‌కు పోయినా, "పాపం ఐదేండ్లంట గద బిడ్డా" అని ఓదార్చేటోళ్లు.

మేనత్త సంగతి నవ్వుకుని వదిలేయొచ్చు. బాపు సంగతి అట్ల కాదు. బాపు కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేటోడు. రోజంతా ఆ మోతలో ఉండి వచ్చేటోడు గనుక ఇంట్లో మాటలు పొదుపుగా వాడేటోడు. ఆయన వారం రోజుల సంది ఒకటే మాట, "నాలుగేండ్లదైతే ఏమైతది?" ఏమైతదో నేను ఉపన్యాసం ఇచ్చిన. బొమ్మలు గీసి చూపించిన. ఒక రోజైతే అన్నం మానేస్తనని ప్రకటించిన. (ఆ రోజు అమ్మ బగార అన్నం వండటం వల్ల ఉద్యమం మధ్యలో ఆగిపోయింది.) అన్నీ విని బాపు, "చూద్దాం" అనేటోడు. మా ఇంట్లో చూద్దాం అంటే కాదని అర్థం. రెండోసారి చూద్దాం అంటే ఇంక అడగొద్దని అర్థం. ఆ వారంలో ఆయన ఎన్నిసార్లు చూద్దామన్నడో ఇప్పటికీ లెక్క తేలదు.

ఆఖరి రోజు పొద్దున కూడా, సాయంత్రం వచ్చినంక చూద్దామని చెప్పి డ్యూటీకి పోయిండు. ఆఖరి తేదీ అంటే రాత్రి పన్నెండు దాకా టైముంటదని మా ఇంటిల్లిపాది నమ్మకం. మధ్యాహ్నం దాటినంక ఒక ప్రింటు కోసం స్టేషన్ పక్కనున్న నెట్ సెంటర్‌కు పోతే, అది నడిపే నెట్ భాయ్ స్క్రీన్ చూసి మెల్లగ చెప్పిండు, సాయంత్రం ఐదింటికే బంద్ అని. ఆలోపల ఏదో ఒకటి ఖాయం చేయకపోతే రెండు సీట్లూ పోతయి. ఖాయం చేయాలంటే ఓటీపీ కావాలె. మా గల్లీలో ఏ ఇంట్లోనైనా, ఎవరి దరఖాస్తైనా, ఇచ్చేది ఇంటి పెద్ద నెంబరే. ఆడపిల్ల నెంబరు ఇస్తే ఎవరెవరో ఫోన్ చేస్తరని భయం. గ్యాస్ సిలిండర్ నుంచి నా భవిష్యత్తు దాకా అన్నిటి ఓటీపీలు బాపుకే వచ్చేవి.

"ఓటీపీ కిదర్ ఆతా బేటా?" అన్నడు నెట్ భాయ్.

బాపు ఫోనుకు అని చెప్పిన. బాపు ఎక్కడంటే ఫ్యాక్టరీ లోపల. మరి ఫోన్ చేసి అడుగు అన్నడు. ఆ ఫ్యాక్టరీలోకి ఫోన్లు తీసుకపోనియ్యరు, గేటు దగ్గర అరల్లో పెట్టి పోవాలె. ఇదంతా విని నెట్ భాయ్ కుర్చీలో వెనక్కి వాలి, "అంటే బాపు లోపల, ఫోన్ బయట, నువ్వు ఈడ. తీన్ జగా, మూడు జాగలు," అని, నా తరఫున ఆటోవాలాను ఆయనే కేకేసిండు.

ఆటో ఎక్కింది మొదలు నేను ఒకటే లెక్క వేస్తున్న. బాపు బయటికి వచ్చేది నాలుగున్నరకు. ఆయన నడక నెమ్మది. అందులో దోస్తులతో మాట్లాడుతూ వస్తడు. ఆ మధ్యలో ఏ దోస్తుకైనా మోకాలి నొప్పి గురించి చెప్పాలనిపిస్తే నా చదువు అక్కడికి ఆఖరు. గేటు దగ్గర దిగి, సెక్యూరిటీ అన్నను ఫోన్ ఇమ్మని బతిమాలిన. నా బతుకు అందులో ఉన్నదని కూడా చెప్పిన. ఆయన చాలా మర్యాదగా, బతుకైనా సరే యజమాని వస్తేనే ఇస్తనన్నడు.

షిఫ్ట్ వదిలిన్రు. బాపు అందరి వెనక వచ్చిండు. నన్ను చూడంగానే ముఖం పాలిపోయింది, అమ్మకేమన్న అయిందా అని. కాదని చెప్పి, అరలోంచి ఆయన ఫోన్ తీయించి, ఎదురుగ చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక చాయ్ చెప్పి, నా ఫోన్‌లో ఐదేండ్లది నొక్కిన. బాపు ఫోన్ టింగుమన్నది. ఆయన దాన్ని చూసిండు, నన్ను చూసిండు, చాయ్‌ని చూసిండు. నెంబరు మాత్రం చెప్పలేదు.

"బాపూ, అది ఎక్కువసేపు బతకదు," అన్న.

"నేను ఇంకో నాలుగేండ్లల్ల దిగిపోత బిడ్డా," అన్నడు.

అప్పుడు బయటపడ్డది. వాళ్ల ఫ్యాక్టరీలో ఎవరు రిటైరైనా షెడ్డు ముందు కుర్చీలు వేసి, దండ వేసి, మైకులో ఆయన సర్వీసు గురించి చెప్తరు. తర్వాత పిల్లల వంతు. కొడుకు ఇంజినీరు అయిండు, బిడ్డ టీచరు అయింది అంటే చప్పట్లు మోగుతయి. చదువుతున్నది అంటే మాత్రం మైకాయన కొంచెం దగ్గి, గబగబ తర్వాతి మాటకు పోతడు. నేను చిన్నప్పుడు లడ్డూ కోసం ఆ సభలకు పోయిన గాని, ఆ దగ్గు ఎప్పుడూ గమనించలేదు. బాపు ఏండ్ల తరబడి కింద కూర్చుని అదే గమనించిండు. నాలుగేండ్లదైతే ఆయన కుర్చీలో కూర్చునేనాటికి నేను ఏదో ఒకటి అయి ఉంట. ఐదేండ్లదైతే దగ్గు. ఆయన చెప్పడం అయ్యేసరికి మొదటి ఓటీపీ టైమైపోయింది.

నా కండ్లల్లో నీళ్లొచ్చినయని రాద్దామనుకున్న గాని, ఆ రోడ్డు మీద లారీలు లేపే దుమ్ముకు ఎవరికైనా వస్తయి. ఫోన్‌లో వెనక్కి పోయి నాలుగేండ్లది నొక్కిన. ఇంకో ఓటీపీ వచ్చింది. చెప్పు బాపూ అన్న. ఆయన చెప్పకుండ, ఆ ఒక్క ఏడాదికి ఏమొస్తదని అడిగిండు. వారం సంది ఉపన్యాసాలు దంచిన నాకు అప్పుడు ఒక్క వాక్యమే మిగిలింది.

"నేను గీసిన ఇంటికి నేనే సంతకం పెట్టుకోవచ్చు. దీంట్లనైతే వేరేటోళ్లు పెడ్తరు."

బాపు చాయ్ తాగుతూనే ఉన్నడు. ఐదుకు ఇంక పది నిమిషాలు కూడా లేవు. రెండో ఓటీపీ ఆయన అరచేతిలోనే కన్నుమూసింది. అప్పుడు గ్లాసు కింద పెట్టి అన్నడు. "నేను పోసిన లోహానికి ఇన్నేండ్ల సంది సంతకం వేరేటోడే పెడ్తుండు. ముందు నొక్కినవు చూడు, అదే నొక్కు."

నొక్కిన. ఆ ఫ్యాక్టరీ గోడ పక్కన సిగ్నల్ ఉందో లేదో తెలియదు, తెర మీద చక్రం తిరుగుతనే ఉన్నది. బాపు లేచి ఫోన్ పైకెత్తి నిలబడ్డడు. మెసేజ్ రాంగనే, కొలిమి మోతలో అరిచే అలవాటు కొద్దీ ఒక్కొక్క అంకె అరిచి చెప్పిండు. చాయ్ హోటల్ అంతా విన్నది, రోడ్డవతల సెక్యూరిటీ అన్న కూడా విన్నడు. ఎవరికీ చెప్పొద్దని ఆ మెసేజ్‌లోనే రాసి ఉన్నది. సీటు ఖాయమైంది.

నాలుగేండ్లకు బాపు దండ వేసుకుని కూర్చున్నడు. మైకాయన నా వంతు రాంగనే దగ్గిండు. బాపు కుర్చీలోంచి లేచి ఆయన చేతిలోని మైకు అందుకుని, "ఇంకో ఏడాది ఉన్నది, ఆగుండ్రి," అని ఇచ్చేసిండు. చప్పట్లు రాలేదు, నవ్వులొచ్చినయి. మేనత్త అందరికంటె గట్టిగ నవ్వింది.

ఇప్పుడు నేను ఆర్కిటెక్టును. నయాపూల్ దాటి రోజూ ఒక ఆఫీసుకు పోయి బాత్రూముల కొలతలు గీస్త. ప్లాన్ల మీద మా పెద్దసారు సంతకం పెడ్తడు. ఐదేండ్లు చదివి సంపాదించుకున్న సంతకాన్ని నేను ఇప్పటిదాకా హాజరు పట్టీలోనే వాడుతున్న. ఒక్క అంకె తప్పితే బతుకే తప్పుతదని ఆ బెంచీ మీద భయపడ్డ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తది, కొంచెం కుళ్లు కూడా, అంత గట్టిగ కోరుకోవడం ఇప్పుడు నాకు చేతనైతలేదు. బాపు మాత్రం సాయంత్రం తలుపు తీస్తూ రోజూ అడుగుతడు, పెట్టినవా అని. ఇంకా లేదు బాపూ అంట.

"పెడ్తవ్ తియ్," అంటడు వాకింగ్‌కు చెప్పులు తొడుక్కుంటూ. "నాకేమన్న షిఫ్టున్నదా, ఆగుత."