కాబోయే నడుము కొలత

ఆ రోజుల్లో కోయంబత్తూరు చుట్టుపక్కల మా తెలుగు ఇళ్ళలో లావు అనే మాటను ఎవరూ మొహం మీద అనేవారు కాదు. "పిల్లోడు బాగుండాడు" అనేవారు, అంతే. కొంచెం ఒళ్ళు చేస్తే బాగుండాడు, ఇంకా చేస్తే చాలా బాగుండాడు. నేను ఇరవై ఆరేళ్ళకే చాలా చాలా బాగున్న స్థితికి చేరుకున్నాను. పంపుసెట్లు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో లెక్కలు చూసేవాణ్ణి. ఆ పని నాకెవరూ నేర్పలేదు, నా అంతట నేనే నేర్చుకున్నాను. అందుకేనేమో, నా లెక్క మీద నాకు ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ నమ్మకం. ఎన్ని మోటార్లకు ఎంత రాగితీగ పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. నా ప్యాంటుకు ఎంత గుడ్డ పడుతుందో మాత్రం ప్రతి దీపావళికీ తప్పు చెప్పేవాణ్ణి.

పెళ్ళి కుదిరింది. పిల్లది తిరుమంగళం, వాళ్ళూ మావాళ్ళే. నిశ్చితార్థం రోజు నన్ను చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. తాంబూలాలు మార్చుకున్నాక పెద్దల కాళ్ళకు మొక్కుదామని లేచాను. నాతోపాటు కుర్చీ కూడా లేచింది. (అలాంటి కుర్చీ చేసినవాడు నా కొలతలు ఊహించి ఉండడు, అతని తప్పేమీ లేదు.) ఇద్దరు బావమరుదులు చెరోవైపు పట్టుకుని లాగితే ఊడింది. పిల్ల నాయనమ్మ ఎంతో మెచ్చుకోలుగా, "పోనీలే కన్నూ, మాప్పిళ్ళ బాగా తినేవాడే" అంది. (మా వైపు పెళ్ళికొడుకును అలాగే అంటారు.) అదేమీ నాకు బాధ కలిగించలేదు. పిల్ల తల వంచుకునే ఉంది, కానీ ఆమె భుజాలు అదురుతున్నాయి. రిసెప్షన్‌లో, స్టేజీ మీద, అందరి ఎదుట ఆ భుజాలు మరోసారి అలా అదరకూడదని ఆ క్షణాన తీర్మానించుకున్నాను.

పెళ్ళికి నాలుగు నెలల గడువు ఉంది. మొదటి వారం టిఫిన్ మానేసి, ఉలవలు ఉడికించిన నీళ్ళు తాగి, రెండు కిలోలు తగ్గాను. ఇక లెక్క మొదలైంది. వారానికి రెండు చొప్పున నాలుగు నెలలకు ఎంత, దానికి నడుము ఎన్ని అంగుళాలు. (అదే లెక్కను ఇంకొంచెం ముందుకు లాగితే మొదటి పెళ్ళిరోజు నాటికి నేను మిగలనని అప్పుడు తోచలేదు.) ఆ ధీమాతో మా వీధి చివర టైలరు దగ్గరికి వెళ్ళి రిసెప్షన్ కోటుకు కొలతలు చెప్పాను. టేపు తీసుకోనివ్వకుండా, నోటితోనే. ఆయన తమిళాయన, మా వీధిలో ఉండి ఉండి మా తెలుగు పట్టుబడింది.

"తంబీ, ఇది యారు అళవు? ఎవరి కొలత?"

"నాదే అన్నా."

"నువ్వు ఇక్కడ నిలబడుండావు. ఈ నడుము ఎక్కడుంది?"

"పెళ్ళి నాటికి వస్తుంది."

ఆయన కళ్ళద్దాల పైనుంచి నన్ను కింది నుంచి మీదికి, ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. "సరి, రానీ" అని చీటీ రాసుకున్నాడు.

నడుము రాలేదు. ఉలవనీళ్ళు పొద్దున్న బాగానే ఉండేవి. మధ్యాహ్నం కళ్ళు తిరిగినా వీరుడిలా కూర్చునేవాణ్ణి. సాయంత్రం వర్క్‌షాపు నుంచి వచ్చే దారిలో ఒక బేకరీ ఉంది. అక్కడ ఆ వేళకే కొబ్బరి బన్నులు పొయ్యి దిగేవి. నేను నేరుగా ఇంటికే పోవాలనుకునేవాణ్ణి, కాళ్ళు లోపలికి తిరిగేవి. రోజంతా మిగిల్చినదాన్ని ఒక్క టీ తాగే సమయంలో వడ్డీతో సహా తీర్చేసేవాణ్ణి. నెల తిరిగేసరికి బెల్టు మీద కొత్త రంధ్రం పొడవాల్సి వచ్చింది, కానీ నేను అనుకున్న వైపు కాదు. కోటు ఒకసారి తొడిగి చూసుకోమని టైలరు మూడుసార్లు కబురు పంపాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఆ కోటు తొడుక్కోవాల్సిన మనిషి ఇంకా రాలేదు.

ఇంతలో పెళ్ళి పత్రికలు పంచే పని వచ్చిపడింది. మాలో పత్రికను పళ్ళెంలో పెట్టి, పసుపు కుంకుమలతో, ఇంటికి వెళ్ళి చేతికివ్వాలి. నాన్నకు మోకాళ్ళ నొప్పి, అందుకని చిన్నాయన, నేను బయల్దేరాం. చిన్నాయన కొబ్బరి ఈనెలా ఉంటాడు, రోడ్డు రోలరులా తింటాడు. మొదటి ఇంట్లో, దూరపు వరసకు అత్తయ్య అయ్యే ఆవిడ దోసెలు తెచ్చింది. నేను నిక్కచ్చిగా, "వద్దత్తా, డైట్‌లో ఉన్నాను" అన్నాను. ఆవిడ అప్పుడే అందుకోబోయిన పత్రిక పళ్ళేన్ని వదిలేసి చేతులు వెనక్కి తీసుకుంది.

"మా ఇంట్లో చెయ్యి తడపకుండా పోతావా? అట్లయితే పత్రిక కూడా నువ్వే ఎత్తుకుపో సామీ."

చిన్నాయన నా డొక్కలో పొడిచాడు. "తినరా! నీ నడుము కోసరం ఈ ఇంటి పొత్తు తెంచేస్తావా?" ఆ భయంతో మొదట నాలుగు దోసెలు, ఆవిడ అలక తీర్చడానికి ఇంకో నాలుగు తిన్నాను. ఆ రోజు అలాంటి ఇళ్ళు ఐదు. సాయంత్రం బస్సులో ఇద్దరి సీటులో నా పక్కన కూర్చున్న చిన్నాయన, ఒక కాలు దారిలోనే పెట్టి ప్రయాణం చేశాడు.

మరునాడు ఉడుమలైపేటలో మా పెద్దత్త ఇంటికి చేరాం. నాన్నకు అక్క. కొబ్బరితోట, అరడజను మంది పనివాళ్ళు, వాళ్ళందరి మీదా ఒక్క గొంతు. ఊళ్ళో ఏ పెళ్ళైనా ముందు వరసలో తినే మనిషి, అయినా నిటారుగా సన్నగా ఉండేది. ఆకు ముందు కూర్చుని నేను దిగులుగా ఇడ్లీలను చూస్తుంటే, చిన్నాయన నా కథంతా, కుర్చీతో సహా, చెప్పేశాడు. పెద్దత్త నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"ఏందిరా, ఊరి లెక్కంతా చూస్తావంట, ఇది తెలీదా నీకు? నిన్న ఆ ఇంట్లో మొదుటి తూరి ఎన్ని పెట్టుకుంటివి?"

"నాలుగు."

"ఆమె మళ్ళా ఎన్ని వేసె?"

"నాలుగు."

"రెండు పెట్టుకొనుంటే?"

"రెండే వేసి ఉండేదేమో."

"అంతే కదరా! నీ కడుపులోకి ఎన్ని పోయినాయని మేము యాడ చూస్తాము? రెండో తూరి వేసినామా లేదా, అది చూస్తాము. వేసినామంటే మాకు తృప్తి. ఒకటే పెట్టుకో. వద్దు వద్దు అని కొంచెంసేపు అను, మమ్మల్ని బతిమాలనీ. మళ్ళా ఒకటి వేయించుకో. నీకూ సరిపోయె, మాకూ సరిపోయె." ఆకు చివర ఉన్న బీన్సు కూర వైపు వేలు చూపించింది. "ముందు అది తిను. నమిలి తిను, లారీకి లోడు ఎక్కించినట్ల కాదు. మధ్యాహ్నం కడుపు ఎండబెట్టుకోవద్దు, సాయంత్రం బేకరీ పిలిస్తాది."

బేకరీ సంగతి చిన్నాయనకు కూడా చెప్పలేదు. ఆవిడకు ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అసలు పరీక్ష తిరుమంగళంలో. పిల్ల మేనమామ ఇల్లది. ఆయన అతిథిని తినిపించడంలో జిల్లాకే పేరున్నవాడు. వాళ్ళ ఊరికి పత్రిక పెట్టడానికి పెళ్ళికొడుకే వచ్చాడంటే ఇక ఊరుకుంటాడా? ఇడ్లీలు, కోడికూర, పక్కన వడలు. నేను ఒక్క ఇడ్లీ పెట్టుకుని, కొంచెం కూర వేసుకుని నిదానంగా తినసాగాను. ఆయన గిన్నె పట్టుకుని నా మీదికి వంగాడు.

"ఏం మాప్పిళ్ళే, ఒకటేనా? పోదుమా, సరిపోతాదా?"

"చాలు మామా."

"చాలా? నా మీద ఆన, ఇంకొకటి!"

"లేదు మామా, నిజంగా..."

"ఏయ్, అందరూ రండి! మాప్పిళ్ళ తినను అంటాండాడు!" ఇల్లంతా చుట్టూ చేరింది. ఎంతో సేపు బెట్టు చేసి, ఓడిపోయినట్టు మొహం పెట్టి రెండోది వేయించుకున్నాను. ఆయన గిన్నె పైకెత్తి, "చూసినారా, నేను అంటే తింటాడు!" అని మీసం దువ్వుకున్నాడు. పక్కన చిన్నాయన మొదటే ఆరు పెట్టుకుని మౌనంగా ముగించాడు. అతణ్ణి ఎవరూ బతిమాలలేదు. తిరుగు ప్రయాణంలో మదురై వరకూ నాతో మాట్లాడలేదు.

అలా మిగిలిన ఇళ్ళన్నీ తిరిగాను. ఇంట్లో అమ్మ మీద కూడా ఇదే పద్ధతి, బతిమాలే అవకాశం ఎక్కువ దొరికి ఆవిడ చాలా సంతోషించింది. మూడు పూటలా తింటున్నాను గనక సాయంత్రాలు కాళ్ళు బేకరీలోకి తిరగడం మానేశాయి. ఎప్పుడైనా తిరిగితే ఒక్క బన్నుతో బయటికొచ్చేవాణ్ణి. బరువు తగ్గిందంటే తగ్గింది, కానీ నా లెక్కలోలాగా గీత గీసినట్టు కాదు. ఒక వారం తగ్గేది, ఒక వారం కదిలేది కాదు, ఒక పండగ వారం పెరిగేది. పెళ్ళి దగ్గరపడేసరికి నేను టైలరుకు చెప్పిన నడుముకు ఇంకా రెండు అంగుళాల దూరంలో ఉన్నాను.

రిసెప్షన్ సాయంత్రం కోటు పెట్టె వచ్చింది. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి తొడుక్కున్నాను. బొత్తాములు పడ్డాయి. పొట్ట వదిలాను, అయినా పడే ఉన్నాయి. ఊపిరి కూడా వదిలాను. కోటు నా చుట్టూ ఇంకొకరికి కూడా చోటున్నట్టు వేలాడింది. భోజనాల వైపు వెళ్తున్న టైలరును పట్టుకున్నాను.

"అన్నా, నేను చెప్పిన అళవు ఇదేనా?"

"నువ్వు చెప్పింది చీటీలో ఉంది తంబీ. కుట్టింది నా కంటికి కనిపించినదానికి. నువ్వు ఇట్లా మోసం చేస్తావని నాకేం తెలుసు?"

మా అక్క వెనకవైపు గుడ్డ మడిచి, దొరికిన పిన్నులన్నీ గుచ్చి స్టేజీ ఎక్కించింది. "ఎవరు కౌగిలించుకోవడానికి వచ్చినా వీపు మీద చెయ్యి వేయనీయకు" అంది. పక్కన పెళ్ళికూతురు. ఫొటోలాయన చేతులు పైకెత్తమన్నాడు, ఎత్తాను, ఒక పిన్ను ఊడి కిందపడింది. ఆమె తల తిప్పకుండా, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది:

"ఈ కోటు ఎవరిది?"

"నాదే."

"కుర్చీ అయితే సరిగ్గా పట్టింది కదా."

ఆమె భుజాలు అదిరాయి. దేనికోసం నాలుగు నెలలు అన్ని పాట్లు పడ్డానో, అదే అందరి ఎదుటా జరిగిపోయింది. చిత్రం, నా భుజాలు కూడా అదిరాయి. ఆ అదురుకి మిగతా పిన్నులు కూడా ఊడాయి. ఆల్బంలో అన్నిటికంటే బాగా వచ్చిన ఫొటో అదే.

ఇప్పుడు పత్రికలు ఫోనుకే వస్తాయి. ఎవరి ఇంటికీ వెళ్ళక్కర్లేదు, ఎవరూ గిన్నె పట్టుకుని మీదికి వంగరు. పెద్దత్త లేదు. కోటు మాత్రం బీరువాలో ఉంది. ఏడాదికోసారి తొడుక్కుని చూస్తాను. ఇంకా వదులే, ఇప్పుడు ఒక్క పిన్ను చాలు. తినే పద్ధతి మారలేదు గానీ, దానిలో నేను లెక్కలోకి తీసుకోని అంశం ఒకటుందని ఈ వయసులో తెలిసింది. అది పనిచేయాలంటే బతిమాలడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి.

ఈ పొద్దున కూడా ఒక ఇడ్లీ పెట్టుకుని, అది అయ్యాక, ఖాళీ ప్లేటు ముందు ఊరికే కూర్చున్నాను. చివరికి వంటింట్లోంచి మా ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఇంకొకటి?"

"వద్దులే."

"సరే" అని వెనక్కి తిరిగింది. నేను గొంతు సవరించుకున్నాను. ఆమె ఆగి, భుజాలు అదురుతుండగా, మళ్ళీ నా వైపు తిరిగింది.