మణెమ్మ పెద్దమ్మ అమాస సినిమాలు

పక్కింటి టీవీలో ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. వెంటనే తలుపు కిర్రుమంది. ఆ తరువాత డబ్బింగ్ గొంతు ఒకటి "ఓరీ దురాత్మా!" అని గర్జించింది. వనపర్తిలో నేనుండే అద్దె గది గోడ ఎంత పలుచనంటే, వాళ్ళ దయ్యాలు సగం మా ఇంట్లోనే తిరుగుతుంటాయి. చపాతీ పిండి కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. మణెమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది.

కాబట్టి ఇప్పుడు మీకొక మహాగాథ చెబుతాను. ఇందులో రక్తపిశాచులుంటారు, తోడేలు మనుషులుంటారు, ఒకవైపు వీధంతా, మరోవైపు ఒంటరి వీరనారి ఉంటారు. అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. నిజానికి అంత లేదు. గద్వాలలో ఒక రేకుల ఇల్లు, బొమ్మ వణికే పాత టీవీ, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ, అంతే. ఆ జరిగిన ఒక్క యుద్ధమూ ప్రకటనల మధ్యలో జరిగింది.

మణెమ్మ మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. మొగుడు ఎప్పుడో పోయాడు. మగ్గాల వాళ్ళకు దారం కండెలు చుట్టి బతికేది. మా దగ్గర అమావాస్యనాడు మగ్గం ఆడదు. వీధి వీధంతా ఖాళీ. మగవాళ్ళు అరుగు మీద పేకాటకు కూర్చునేవాళ్ళు. మణెమ్మ మాత్రం తలుపేసి, ఎండ టీవీ మీద పడకుండా కిటికీకి దుప్పటి కట్టి, ఏదో ఛానెల్లో మధ్యాహ్నం వేసే పాత ఇంగ్లీషు దయ్యాల సినిమా పెట్టేది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. భయపడి అరవడం నా వంతు, ఆ భయాన్ని పాడుచేయడం ఆమె వంతు.

గుడ్డపీలికలు చుట్టుకున్న వేల ఏళ్ళ శవం పెట్టెలోంచి లేస్తే నేను ఆమె కొంగు పట్టుకునేదాన్ని. ఆమె ముందుకు వంగి ఆ గుడ్డను చూసేది. "ఎవడు నేసిండో గానీ మొగోడే. గన్నేండ్లకు ఒక్క పోగు చీకిపోలే." కోరపళ్ళ దొర అమ్మాయి మెడ మీదికి వంగితే, "గా పండ్లతోని అంబలెట్ల తాగుతడే?" అనేది. పున్నమికి తోడేలుగా మారేవాణ్ణి చూసి నిజంగానే బాధపడింది. "పాపం, వీనికీ మన లెక్క నెలకొక్కనాడే సెలవు. అదీ గిట్ల పాయె."

"పెద్దమ్మా, జర భయపడనియ్యరాదే," అని నేను మొత్తుకునేదాన్ని.

"భయపడు బిడ్డా, నేనొద్దన్ననా? గానీ కండ్లు మూసుకోకు. కండ్లు మూసుకుంటేనే అది పెద్దగైతది."

ఆ ఎండాకాలం మా వీధిలో శంకరయ్య మామ మగ్గం మొండికేసింది. మగ్గం మీద పొడవునా బిగించిన పడుగు దారం పొద్దున అతికితే మధ్యాహ్నానికి తెగేది, మధ్యాహ్నం అతికితే సాయంత్రానికి తెగేది. చీర ముందుకు పోదు. పండగ గిరాకీ దగ్గరపడుతోంది. మనిషికి నిద్ర లేదు. అక్కడివరకూ నాకూ జాలే. కానీ ఒకరోజు ఆయనకు జ్ఞానోదయమైంది. దారం చుట్టి ఇచ్చేది మణెమ్మ. మణెమ్మ ఇంట్లోంచి అమావాస్యనాడే అరుపులు వస్తాయి. తలుపేసి ఉంటుంది, కిటికీకి దుప్పటి ఉంటుంది. ఇంకేముంది, బాణామతి! అదే అమావాస్యనాడు తామంతా పేకాట ఆడారే, అది మాత్రం మంత్రం కాదట.

తరువాతి అమావాస్య మధ్యాహ్నం ఆయన ఇంకొందరిని వెంటేసుకుని వచ్చి తలుపు తోశాడు. చెప్పులు మాత్రం బయటే విడిచి వచ్చారు. మనిషిని చేతబడి చేసేదానివని తిట్టడానికి వస్తూ కూడా మర్యాద తప్పలేదు, మా వీధి సంస్కారం అలాంటిది.

"ఏం చేస్తున్నవ్ మణెమ్మా లోపల?"

"సినిమా చూస్తున్న. కూసోండ్రి."

టీవీలో అప్పుడే బురదలోంచి ఒక ఆకారం లేచి పడవను కుదుపుతోంది. వచ్చిన పెద్దమనుషులంతా నిలబడి చూశారు. ఎవరో "పడవ మునుగుతదా?" అని కూడా అడిగారు. ప్రకటనలు వచ్చాయి. శంకరయ్య మామకు అప్పుడు పని గుర్తొచ్చింది.

"దీని పండ్లు పీకాలె. పండ్లు లేకుంటే మంత్రానికి నోరు తిరగదు."

నవ్వుతారేమో, నవ్వకండి. మా వైపు ఆ మాటకు అర్థం ఆ మాటే. పీకిన ఊళ్ళున్నాయి. టీవీలో కోరలున్నవాడు రాక్షసుడు, మా వీధిలో పళ్ళు పీకుతామన్నవాళ్ళు పెద్దలు. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మణెమ్మ నోరు తెరిచి చూపించింది. "ఉన్నయే నాలుగు. వాటితోని నేను శనగలే నమలలేకపోతున్న. నీ దారం కొరకాల్నా?" మాట చురుగ్గానే ఉంది, కానీ ఆమె చెయ్యి నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందో నాకే తెలుసు. ఒకడు ముందుకు వచ్చాడు. నేను ఫోన్ తీసి వీడియో పెట్టి ఎత్తి పట్టుకున్నాను.

"మామా, జర ఇటు తిరిగి ఇంకోసారి అను. కేసు పెట్టేటప్పుడు నీ మొకం మంచిగ కనబడాలె."

మామ ఇటు తిరగలేదు. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. గెలిచామనుకున్నాను. మరునాటి నుంచి ఆమెకు ఎవరూ దారం ఇవ్వలేదు. పళ్ళు పీకడం నేరమట, పని పీకడం కాదట. ఏ స్టేషన్‌లో చెప్పుకోవాలి? నెల తిరక్కముందే మణెమ్మ వీపనగండ్లలో తమ్ముడి ఇంటికి బయలుదేరింది. పట్టులాంటి చేతులు, పోయి పల్లిచేన్లో కలుపు తీశాయి.

బస్సు ఎక్కించడానికి వెళ్ళినప్పుడు ఆమె ఏడవలేదు. కిటికీలోంచి వంగి ఒకే మాట అడిగింది. "భయమైనోడు ఉరకాలె గదనే? గీళ్ళేంది, భయమైతుందని మీదికొస్తుండ్రు?"

ఆ ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది. నలుగురు చేరి ఒక మనిషిని చూపించి, వాడంటే మాకు భయమని అంటే, నేను ముందు ఎవరు ఎవరి మీదికి పోతున్నారో చూస్తాను. అలా చూడడం వల్ల ఆఫీసులో నాకు స్నేహితులు తక్కువ. పోనీ. మణెమ్మ పోయినేడు వీపనగండ్లలోనే పోయింది, ఉన్న పళ్ళతోనే. శంకరయ్య మామ దినానికి వచ్చి, మంచి మనిషి అని కూడా అన్నాడు. అక్కడ నేను పళ్ళు కొరుక్కున్నాను.

ఆయన దారం సంగతా? ఆ ఎండాకాలం మగ్గం పక్కన కొత్త టేబుల్ ఫ్యాన్ పెట్టారు. గాలి నేరుగా తగిలితే పడుగు ఎండి తెగుతుంది. అది అల్లుడు తెచ్చిన ఫ్యాన్ కాబట్టి ఎవరూ అనుమానించలేదు. వానలు పడ్డాక ఫ్యాన్ తీసి అటక మీద పెట్టారు, దారం తెగడం ఆగింది.