కళ్లంలో బూట్లు

హొసకోట అవతల గుట్ట కింద మునిలక్ష్మమ్మకు ఎకరం రాగిచేను. కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. రెండువేల నాలుగు నాటికి, ఆదివారం వస్తే చాలు, బెంగళూరు ఆఫీసులవాళ్లు ఆ గుట్ట చుట్టూ నడకకు దిగేవారు. చిన్నపిల్లలు కూడా నడవగలిగే సులువైన దారని దానికి పేరు. సులువే మరి! ఒకరి కూటి మీదుగా పోతే ఏ దారి సులువు కాదు?

పేడతో అలికి రాగులు రాశి పోసిన కళ్లంలోకి ఆ ఊళ్లో ఎవరూ చెప్పులతో అడుగు పెట్టరు. ఒక ఆదివారం బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్ నుంచి నడకకు వచ్చిన లలిత్ మాత్రం బూట్లతోనే మునిలక్ష్మమ్మ రాశి పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

"బూట్లు విప్పి రాప్పా. తినే గింజ ఉండాది ఈడ," అందామె.

"మళ్లీ లేసులు కట్టుకోవాలి కదమ్మా, రెండు నిమిషాల్లో వెళ్లిపోతాం," అని నవ్వాడతను. పోతూ పోతూ, ఒక మూట రాగులు ఇంటికి తెచ్చిపెట్టమని అడ్రసు చెప్పాడు.

మునిలక్ష్మమ్మకు ఒళ్లు మండింది. అయినా తిండిగింజలు అడిగినవాళ్లకు లేదనడం ఆ ఇంట్లో లేదు. వారం తిరక్కముందే మూట నెత్తిన పెట్టుకుని, కె.ఆర్.పురంలో బస్సు మారి, అతని అపార్ట్‌మెంటు మెట్లెక్కింది.

లలిత్ తలుపు తీశాడు. "చెప్పులు బయటే విప్పమ్మా, ఇప్పుడే ఇల్లు తుడిచారు."

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది.

"నీ గచ్చు మీద ఏం పండుతాదప్పా?" అంది.

నెత్తిమీది మూట దించకుండానే మెట్లు దిగిపోయింది.