ముల్లు ఎగిరిన స్తంభం

ఒక మంచి మనిషి కడుపు మీద నేను ఎలా కొట్టానో చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఎనభైల తొలినాళ్లు. కోరాపుట్ దగ్గర ఒక కార్ఖానా. రాయి మోసే కన్వేయరు కింది ఇనుప స్తంభాల బోల్టులు చూసేది ఫిట్టర్ సింహాచలం. నట్టుకి ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క సుత్తితో టక్కున కొట్టేవాడు. వదులుంటే ఆ వేలికి తెలిసిపోయేది. ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత ఆ నెలలోనే ప్రమోషన్ మీద చార్జిమన్ కాబోతున్నాడు. నేనేమో డిప్లొమా పట్టుకుని బొబ్బిలి నుంచి దిగిన కొత్త సూపర్‌వైజర్ని. వేలితో బోల్టు చూడడమేమిటని నాకు మహా చిరాకు.

అంతలో అదురు కొలిచే సెన్సరు వచ్చింది. దాన్ని స్తంభానికి బిగించి కన్వేయరు నడిపితే, బోల్టు వదులైన చోట మీటరు ముల్లు ఎగురుతుంది.

"బావూ, దీన్ని నానొక సుట్టు బిగించీమంటారేటి?" అన్నాడు సింహాచలం.

"ముట్టుకోకు. పరదేశం సరుకు. నీ స్పేనరు దెబ్బకి సస్తాది."

"సరే, మీ సిత్తం."

నేనే బిగించాను. ఏడో స్తంభం దగ్గర ముల్లు ఎగిరింది. కన్వేయరు ఆపించాను.

"ఏటిది? నిన్ననే సూసేనన్నావు?"

"సూసేను బావూ. ఇక్కడొక్క బోల్టూ ఒదుల్లేదు."

"అయితే మీటరు అబద్ధమాడతాదా?"

"దాని సంగతి నాకేటి తెల్సు. నా ఏలు ఆడదు."

నాకు ఒళ్లు మండింది. చూడకుండానే చూసినట్టు రాసుకుంటున్నాడని అప్పటికప్పుడే రిపోర్టు పంపేశాను. మర్నాడు నలుగురు ఫిట్టర్లు ఆ స్తంభం బోల్టులన్నీ విప్పి చూసి, మళ్లీ బిగించారు. అన్నీ గట్టివే. కన్వేయరు నడిపితే ముల్లు మళ్లీ పూనకం వచ్చినట్టు ఊగింది. సింహాచలం సెన్సరును రెండు వేళ్లతో పట్టుకుని కదిపాడు. గిలక్కాయలా ఆడింది.

"మీరు బిగించిందే ఒదులు బావూ," అన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

పరుగెత్తి మా సాహెబును బతిమాలాను.

"రిపోర్టు పైకి వెళ్లిపోయింది. వెనక్కి తెస్తే, మీటరు తెప్పించిన నా పరువేం కావాలి?" అన్నాడాయన.

చార్జిమన్ లిస్టులో సింహాచలం పేరు రాలేదు. ఫిట్టరుగానే రిటైరై సొంతూరు బంధుగాం వెళ్లిపోయాడు. సిగ్గుతో చచ్చాను. నాకు మాత్రం అప్రమత్తతను మెచ్చుకుంటూ ఒక కాగితం ఇచ్చారు.

కాబట్టి సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేశాను: నా చేతిపని చూసుకోకుండా ఇక ఎవరి మీదా రిపోర్టు రాయను. ఎప్పుడు చేశానంటారా, నేను రిటైరైన మర్నాడు. ఈలోగా ఆ కాగితం చూపించి రెండు ప్రమోషన్లు తెచ్చుకున్నాను.