గట్టు అవతలి మనిషి

మా అక్క సుభద్ర కొల్లేరు వెళ్దామన్నప్పుడు, అది పక్షుల్ని చూడటానికి కాదని నాకు తెలుసు. మూడేళ్ళ కిందటి వరదలో పోతురాజు అనే రైతు వాగు దాటి వచ్చి మా బావగారి ఊరి గట్టు తెగ్గొట్టాడు. ఒక ఒడ్డు తెగితే రెండో ఒడ్డు నిలుస్తుందని. ఆ వేళకి గట్టు మీద ఉన్న బావగారిని నీళ్ళు లాక్కుపోయాయి. అప్పటినుంచి అక్క మా దగ్గరే ఉంటోంది. పోతురాజు రెండేళ్ళు జైల్లో ఉండి తిరిగొచ్చాడని ఈమధ్యే తెలిసింది.

"అలాంటి పని మనిషికి ఎలా తోస్తుందో అతన్నే అడగాలిరా" అంది అక్క. ఒంటరిగా పంపలేక బడికి సెలవు పెట్టాను.

మాఘమాసం. తాడేపల్లిగూడెంలో ఆరున్నరకు పాసింజరు ఎక్కాం. భీమడోలు దాటాక మంచు విడింది. ఎదురుగా కూర్చున్న ముసలావిడ జరిగి, "ఇలా రండమ్మా, అక్కడ గాలి కొడతంది" అని అక్కకు చోటిచ్చింది. ఏలూరులో దిగేసరికి ఎనిమిది. స్టేషను ఎదుటి హోటల్లో ఇడ్లీ, కాఫీ. అక్క ఒక్క ఇడ్లీతో సరిపెట్టింది. జట్కావాడు రెండు రూపాయలు అడిగి, ఒకటిన్నరకు కొల్లేటి ఒడ్డుకు చేర్చాడు. అక్కణ్ణుంచి దోనె. వెళ్ళేవారు గొడుగు మరిచిపోకూడదు, నీళ్ళ మీద నీడ దొరకదు.

దోనెవాడు గడ వేస్తూంటే తామరాకులు పక్కకు తప్పుకుంటున్నాయి. దూరంగా గూడబాతులు గుంపుగా చేపలు పడుతున్నాయి.

"ఎవరింటికండీ?" అన్నాడు. చెప్పాను.

కాసేపు గడ ఆపాడు. "ఆయన చేసిన పనితోనే మా ఊరు మునక్కుండా బతికిందండి. అయినా ఆ గుమ్మం ఎవరూ ఎక్కరండి."

పదకొండున్నరకు లంక చేరాం. పోతురాజు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. కోర్టులో చూసిన ముఖమే కాబట్టి, అక్కను చూడగానే లేచి నిలబడ్డాడు. అతని భార్య మంచం వాల్చింది.

"ఆ పని మీకు ఎప్పుడు తోచిందండీ?" అంది అక్క, కూర్చోకుండానే.

"ఎప్పుడని చెప్పలేనమ్మా. నీళ్ళు చేలో మోకాలి దాకా వచ్చాయి. ముందు దేవుడికి మొక్కాను. తరవాత అవతలి గట్టు తెగితే బాగుండుననుకున్నాను. అనుకున్నాక, ఎవరో ఒకరు తెంపాలిగా అనిపించింది. తెల్లారేసరికి దోనెలో ఉన్నాను. అవతల మనుషులున్నారని తెలియక కాదమ్మా. తెలుసు. తెలిసిందాన్ని పక్కన పెట్టేశాను."

నాకు ఒళ్ళు మండింది. నోరు తెరవబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడు తనే మాట్లాడింది.

"మా ఆయన గట్టు కాయడానికి వెళ్ళారని కోర్టులో చెప్పానండీ. తమ్ముడికీ అదే చెప్పాను. నిజం కాదు. పార భుజాన వేసుకుని మీ గట్టు కొట్టడానికే బయల్దేరారు. నేను వద్దనలేదు. వాళ్ళకంటే ముందే వెళ్ళండి అన్నాను."

పోతురాజు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క ముఖంలోకి చూడలేక నేను నీళ్ళకేసి తిరిగాను.

పోతురాజు తల అడ్డంగా ఊపాడు. "ఆయన దాటలేదమ్మా. ఒడ్డున నిలబడి మనసు మార్చుకునేవారేమో, మీకేం తెలుసు? నేను దాటాను. ఆ రెండూ ఒకటి చెయ్యకండి."

అప్పుడు ఏడ్చింది అక్క. బావగారు పోయిన రోజు కూడా ఆవిడ అంతలా ఏడవలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ అడగదలచింది పోతురాజు గురించి మాత్రమే కాదని నాకు అర్థమైంది.

ఆ ఇల్లాలు అన్నం తినమని అడగలేక తలుపు దగ్గరే నిలబడిపోయింది. అక్కే కళ్ళు తుడుచుకుని, "కాళ్ళు కడుక్కుంటాం, నీళ్ళిస్తారా?" అంది. చేపల పులుసుతో భోంచేశాం. జైలు నుంచి వచ్చాక ఆ ఇంట్లో బయటివాళ్ళు విస్తరి ముందు కూర్చోవడం అదే మొదలట.

రెండింటికి మళ్ళీ దోనె ఎక్కి, ఆరింటికి ఏలూరులో పాసింజరు అందుకున్నాం. అక్క కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నాకు నిద్ర రాలేదు. కొల్లేట్లో చూడదగ్గవి చాలా ఉన్నాయి, కానీ ఆ రోజు వాటిలో సగం కూడా నా కంటికి ఆనలేదు. బావగారు పార పట్టుకుని నడవడం ఒకటే కనిపిస్తూ వచ్చింది. పోతురాజును క్షమించానని ఇప్పటికీ చెప్పలేను.

ఇల్లు చేరగానే అమ్మ గుమ్మంలోనే అడిగింది: "ఏమన్నాడ్రా వాడు?"

"ఆయన మాకు భోజనం పెట్టారమ్మా" అన్నాను.