గోపురమెక్కి తాళంచెవి విసిరినవాడు

చనిపోయిన మనిషిని ప్రతి శనివారం సాయంత్రం ఆరున్నరకు టంచనుగా భజనకు రప్పించిన ఘనుడు భిలాయి మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. అది నేనే. తపస్సుతో కాదు, తెలివితక్కువతనంతో. ఎలాగో చెబుతాను. చదివేటప్పుడు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి.

సెక్టర్ 2లో మా తెలుగువాళ్ల భజన మండలి ఉంది. ఉక్కు ప్లాంటులో షిఫ్టులవాళ్లు ప్రతి శనివారం రాలేరు కదా, వాళ్ల కోసం నేనొక వెబ్‌సైటు తయారుచేశాను. ఫోనులో ప్రమిద బొమ్మ మీద వేలు పెడితే చాలు, మందిరంలో దేవుడి పటాల పక్కనున్న టీవీ మీద ఆ మనిషి పేరున దీపం వెలుగుతుంది. కింద అతను రాసిన మాట కనబడుతుంది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. హథ్‌ఖోజ్‌లోని ఒక వర్క్‌షాపులో కంప్యూటర్ పని, మిగతా వేళంతా విష్ణు సహస్రనామం. రెండూ నాకు నిద్రలో లేపినా వచ్చుననే పొగరు.

ఆ పొగరుతోనే కమిటీ ముందు ఒక మాట పెట్టాను. ఈ వెబ్‌సైటు కోడ్‌ను మనం దాచుకోవద్దు, అందరికీ తెరిచి ఇచ్చేద్దాం, ఏ ఊరి మండలి అయినా ఉచితంగా వాడుకుంటుంది.

ప్లాంటు కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరైన మా అధ్యక్షులు అప్పారావు గారు కళ్లజోడు తీశారు.

“అంటే ఏటి సీనూ? మన గుడి తలుపులు పీకి రోడ్డు మీదెట్టీడమా?”

“కాదు బాబాయ్. గుడి ఎలాగ కట్టాలో చెప్పడం. తలుపులు మనకాడే ఉంటాయి.”

“మరి దొంగలో?”

“గురువు చెవిలో చెప్పిన మంత్రాన్ని గోపురమెక్కి ఊరందరికీ అరిచిన ఆచార్యుడి కథ మీరే కదా చెప్పినారు? నాను నరకానికి పోయినా పర్లేదు, ఈళ్లందరూ తరిస్తే చాలన్నాడని?”

తాను చెప్పిన కథే తన మెడకు చుట్టుకోవడంతో ఆయన నిట్టూర్చారు. “సర్లే, ఎక్కు గోపురం. ఎక్కినోడివి జాగ్రత్తగా దిగు.”

కోడ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టేశాను. ఎక్కాను, దిగాను. జేబు మాత్రం తడిమి చూసుకోలేదు.

రెండు వారాలు గడిచాయి. ఆ శనివారం కిటికీలోంచి ఫర్నేసుల వెలుగు ఆకాశం మీద ఎర్రగా పరుచుకుంటోంది. ఆరున్నరకు గణపతి పాట ఎత్తుకున్నాం. టీవీ మీద దీపం వెలిగింది.

“గురుమూర్తి. వొచ్చీసినానండోయ్, కానీండి.”

గురుమూర్తి మావయ్య మా మండలి పెద్ద, హార్మోనియం ఆయనదే. నలభై ఏళ్లూ భజన సగమయ్యాకే గుమ్మంలో చెప్పులు విడుస్తూ అదే మాట అనేవారు. ఆయన పోయి అప్పటికి పది నెలలు దాటింది. సభ్యుల జాబితాలోంచి ఆయన పేరు తీసేసింది నేనే.

మృదంగం వాయించే గణేశ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “భయ్యా, యే క్యా హై?”

“ఎవడో ఆట పట్టిస్తన్నాడు,” అన్నాను. నా గొంతు మేక గొంతులా వినిపించింది.

సరిగ్గా అప్పుడే ఫ్యాను గాలికి, మూలన ఉన్న ఆయన హార్మోనియం మీద కప్పిన గుడ్డ అంచు లేచింది. అంతే, ముందు వరుస మొత్తం వెనక వరుస ఒళ్లో ఉంది.

మరుసటి శనివారం మళ్లీ ఆరున్నరకే, అదే పేరు, అదే మాట. మూడో శనివారం ఒకే నిమిషంలో రెండుసార్లు. పోయిన మనిషి ఒకసారి రావడమే ఎక్కువనుకుంటే, ఈయన జంటగా వస్తున్నారు! ఆ కోడ్‌లో ప్రతి అక్షరం రాసినవాణ్ణి నేను. దాన్ని విప్పి చూడాల్సింది పోయి గరుడ పురాణం విప్పాను. అది చదివాక కోడ్ విప్పే ధైర్యం కూడా పోయింది.

మావయ్య భార్య వరాలమ్మ అత్త మాత్రం బెదరలేదు. ఆ మూడో శనివారమే టీవీకి దండం పెట్టి, అప్పారావు గారితో చెప్పేసింది.

“సంవత్సరీకం మానీసినాను. శివనాథ్ ఏటి ఒడ్డుకి పంతులుగారిని రావొద్దని చెప్పీండి. వారంవారం వొస్తన్నోడికి పిండం ఎలాగెడతాను?”

ఏడాది కర్మ ఆగితే ఆ జీవి దారి మధ్యలో నిలబడిపోతుందని చిన్నప్పటినుంచి విన్నవాణ్ణి. అప్పారావు గారు నన్ను గుమ్మం బయటికి లాక్కెళ్లారు.

“తిథికింకా పది రోజులుంది. నువ్వేటి తెచ్చినావో నువ్వే పంపు.”

మర్నాడు, కోడ్‌తోపాటు రాసి పెట్టిన నా నంబరుకు రౌర్కెలా నుంచి ఫోను. ఒక పెద్దావిడ.

“బాబూ, మీ వెబ్‌సైటు మా భజనకి పెట్టుకుందామని తిప్పలు పడతన్నాం. ప్రతి శనివారం ఆరున్నరకి నొక్కుతన్నాం. వెలిగిందంటాది, మాకేటీ కనబడదు. ఆ దీపం ఎక్కడికి పోతంది బాబూ?”

“ఏ పేరుతో నొక్కుతన్నారమ్మా?”

“మేమేటీ మార్చనేదు. మీరెట్టిన పేరే, గురుమూర్తి. నిన్న మా మరిది కూడా నొక్కినాడు.”

మా మండలిలో ఒక ఆచారం. కొత్త పుస్తకం తెరిచినా, కొత్త భజన తాళాలు కొన్నా మొదటి పేరు పెద్దాయనది. భక్తి ముదిరి, కోడ్‌లో నమూనా కోసం ఆయన పేరూ ఆయన మాటా పెట్టి మరిచిపోయాను. పైగా మా దీపాల జాబితాను తెరిచే రహస్యపు తాళంచెవిని, అంటే పాస్‌వర్డు లాంటిదాన్ని, కూడా అందులోనే వదిలేశాను. అందుకే వాళ్లు రౌర్కెలాలో నొక్కిన దీపం మా టీవీ మీద వెలిగింది. ఆచార్యుడు గోపురమెక్కి మంత్రం ఒక్కటే ఇచ్చాడు. నేను ఇంటి తాళంచెవి కూడా విసిరి, మావయ్యను కాపలా పెట్టి దిగాను.

అత్త దగ్గరికి వెళ్లి అంతా చెప్పి, తల వంచుకుని తిట్ల కోసం కాచుకున్నాను. అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

“మీ మావయ్య కాదని నాకు మొదటి వారమే అనుమానం వొచ్చింది. నలబై ఏళ్లలో ఒక్కనాడైనా టైముకి వొచ్చినాడేట్రా?”

“మరి సంవత్సరీకం ఎందుకు మానీసినావత్తా?”

ఆమె చేట పక్కన పెట్టింది. “ఆ దీపం వెలిగినపుడల్లా అందరూ ఆయన పేరు ఎత్తుతన్నారు. కర్మ అయిపోతే మరెవడెత్తుతాడు?”

చేట మళ్లీ దగ్గరికి లాక్కుని ఆమే అంది, “పంతులుగారికి కబురెట్టు.”

“కోడ్ మూసీమంటావా?”

“ఇచ్చింది ఎనక్కి లాక్కుంటారేటి? తాళం మార్చు.”

తాళం మార్చాను. నమూనాలోంచి పేరు తీసేశాను. రౌర్కెలా వాళ్ల దీపం వాళ్ల ఊళ్లోనే వెలిగేలా దగ్గరుండి చేయించాను. శివనాథ్ ఒడ్డున కర్మ సక్రమంగా జరిగింది.

ఆ తరువాతి శనివారం ఆరున్నరకు టీవీ ఖాళీగానే ఉంది. హాయిగా పాడుకున్నాం. భజన సగానికి పైగా అయింది. అత్త రెండు చేతులా హారతి పళ్లెం పట్టుకుని లేచింది. సరిగ్గా అప్పుడు దీపం వెలిగింది.

“గురుమూర్తి. వొచ్చీసినానండోయ్, కానీండి.”

అత్త టీవీ వైపు ఒకసారి చూసి, హారతి కళ్లకద్దుకుంది.

“అదిగో, ఇప్పుడొచ్చినాడు,” అంది.

సింహాద్రి అప్పన్న సాక్షిగా, ఆనాడే హారతి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. పోయినవాళ్ల పేరు నమూనాగా పెట్టను. తాళంచెవిని కోడ్‌లో వదలను. ఆ దీపం ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం, బొందిలో ప్రాణం ఉండగా, విప్పి చూడను.