పోజుల మావయ్య

మావయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ బట్ట కొన్నా, దాని ప్రకటనలో మోడల్ ఎలా నిలబడ్డాడో అచ్చం అలాగే నిలబడి ఫోటో తీయించుకోవాలి. తీయవలసింది అత్తయ్య. పొయ్యి మీద ఏది మాడుతున్నా, పిలుపు వస్తే చేతులు తుడుచుకుంటూ రావలసిందే. అందుకే చుట్టాలందరికీ ఆయన పోజుల మావయ్య అయిపోయాడు.

లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఆయన. మనిషి పొట్టి, పొట్ట మాత్రం గట్టి. చొక్కా భుజాలకు సరిపోతే బొత్తాలు పట్టవు, బొత్తాలు పడితే చేతులు వేళ్లు దాటి వేలాడతాయి. ఇలాంటి మనిషి ఒకడుంటాడని చొక్కాలు కుట్టేవాళ్లు కలలో కూడా అనుకుని ఉండరని అత్తయ్య నమ్మకం.

ఒకసారి తెల్లచొక్కా కొన్నాడు. ప్రకటనలో కుర్రాడు పడవకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంట్లో పడవ లేదు కనుక మావయ్య వాషింగ్ మెషీన్‌కు ఆనుకున్నాడు. సరిగ్గా అప్పుడే అది బట్టలు పిండడం మొదలుపెట్టింది. ఫోటోలో మావయ్యకు నాలుగు ముఖాలొచ్చాయి. నాలుగూ గంభీరంగానే ఉన్నాయని ఆయన సంతోషించాడు.

బిగుతు ప్యాంటు కొన్నప్పుడు, ప్రకటనలోని బండరాయికి బదులు గ్యాస్ సిలిండర్ మీద కాలు పెట్టాడు. ప్యాంటు చర్రుమన్న చప్పుడు విని సిలిండరే లీకయిందనుకున్న పక్కింటాయన, పెళ్లాంపిల్లలతో సహా మెట్లు దిగి పారిపోయాడు.

ఇంకోసారి బాల్కనీలో నిలబడి ఆకాశంలోకి చూపు సారించాడు. కింద ఒకరు ఆగి తలెత్తారు, వాళ్లని చూసి ఇంకో పదిమంది ఆగారు. పైన ఏముందని ఎవరో అరిచి అడిగితే, మావయ్య మెడ తిప్పకుండానే జవాబిచ్చాడు.

"స్టైలు."

ఈ వయసులో ఈ షోకేమిటని అత్తయ్యకు తల కొట్టేసినట్టుండేది.

ఆ రోజుల్లోనే ఆమె మేనకోడలు ఉద్యోగానికని వచ్చి వాళ్లింట్లో ఉండేది. ఆఫీసు వేడుకలో మొదటిసారి వేదికెక్కి మాట్లాడాలి. దానికోసం ఫోన్లో చూసి ఆకుపచ్చ గౌను తెప్పించుకుంది. ప్రకటనలో ఒక తీగలాంటి పిల్ల కిటికీ గట్టు మీద కూర్చుని, భుజం మీద గడ్డం ఆనించి, కళ్లు అరమూసి ఉంది. ఈ పిల్లకేమో జిప్పు నడుము దగ్గరే మొరాయించింది. గౌను బయటికి విసిరేసి, తనలో ఏదో లోపం ఉందని, ఎక్కడికీ వెళ్లనని తలుపేసుకుంది. అత్తయ్య ఎంత బతిమాలినా పలకలేదు.

మావయ్య ఆ ప్రకటనను అత్తయ్య చేత ఫోన్లో తెరిపించుకుని శ్రద్ధగా చూశాడు. తర్వాత చొక్కా ప్యాంటు మీదే గౌను తలలోంచి దూర్చాడు. ఒక చెయ్యి వచ్చింది, రెండోది లోపలే చిక్కుకుంది. అలాగే కిటికీ గట్టెక్కి, గడ్డం భుజానికి ఆనించి, కళ్లు అరమూశాడు.

"అమ్మాయీ, నువ్వొచ్చి ఫోటో తియ్యమ్మా. మీ అత్తయ్య చేతులు వణుకుతున్నాయి."

నిజానికి ఆమె నేల మీద కూలబడి నవ్వుతోంది. తలుపు ఓరగా తెరుచుకుంది. కాసేపటికి మేనకోడలు కూడా అత్తయ్య పక్కన చతికిలబడింది.

"ఆ పిల్ల వీపు ఫోటో ఎక్కడైనా ఉందేమో వెతుకు. ఉండదు. వెనకాల ఎన్ని క్లిప్పులు పెట్టి బిగించారో," అన్నాడు మావయ్య కళ్లు అరమూసుకునే. తర్వాత కాస్త బెంగగా, "ముందు నన్ను ఇందులోంచి తియ్యండి," అన్నాడు.

కత్తెర లేకుండా ఆయన బయటికి రాలేదు. మేనకోడలు తనకు హాయిగా ఉండే పాత నీలం డ్రెస్సు వేసుకుని, ఆటోలో కూడా నవ్వుకుంటూ వెళ్లింది.

ముక్కలైన గౌను మడతపెడుతూ అత్తయ్య అడిగింది.

"నిజం చెప్పండి. ఈ పిచ్చి మీకెప్పుడు పట్టుకుంది?"

మావయ్య గౌనులో చిక్కుకున్న చెయ్యి రుద్దుకుంటూ చెప్పాడు.

"పెద్దాడు పుట్టాక నీ బట్టలేవీ నీకు పట్టలేదు. అద్దం వైపు చూడటమే మానేశావు. ఎంత చెప్పినా వినలేదు. ఒకరోజు పత్రికలో బొమ్మలా నిలబడి చూపిస్తే, ఫక్కున నవ్వావు. ఇక మానాలనిపించలేదు."

అత్తయ్య గౌను ముక్కలు పక్కన పెట్టింది. ఫోను ఆయన చేతిలో పెట్టి, ఇంట్లో కట్టుకునే నలిగిన చీరతోనే వెళ్లి కిటికీ గట్టెక్కింది. ఒక చెయ్యి నడుము మీద వేసుకుని తీయమంది.

మావయ్యకు ఫోటో తీయడం అలవాటు లేదు. సగం అత్తయ్య వచ్చింది, మిగతా సగం ఆయన బొటనవేలు.

చుట్టాలందరికీ అదే పంపించమని పట్టుబట్టింది అత్తయ్య.